పేరు కాడ ఊఁ అనాలె

పోయిన వారం బాలమల్లును ఇనుప పెట్టె ముందు గొంతుక్కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు, కాళ్లు తిమ్మిరెక్కి.

మరిచిపోయిన వాళ్ల కోసం నాలుగు మాటలు. సిరిసిల్లలో నేతవాళ్లకు బొమ్మల గుడ్డ పటం కట్టి కులకథ చెప్పే కూనపులి వాళ్ల ఇంట్లో పుట్టి, నలభై దాటాక నవలలు రాయడం మొదలుపెట్టిన మనిషి బాలమల్లు. రెండు నవలలు అచ్చయ్యాయి. అంతటితో ఊరుకుంటే ఈ బాధ లేకపోవును. కథ రాయాలని చేతులు దురదపెట్టే వాళ్లనందరినీ దగ్గరకు తీశాడు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో దిగే భూమన్న, ఇదే ఊళ్లో కండెలు చుట్టే కనకవ్వ, ఇంకా అటువంటి వాళ్లు నలుగురైదుగురు. వాళ్ల కథలు విని, దిద్ది, తన గుండ్రటి అక్షరాల్లో తిరగరాసి పట్నంలోని వారపత్రికకు పంపేవాడు.

అట్లా పంపిన కనకవ్వ కథ 'గంజి వాసన' అచ్చయింది. ఒక ఆసామి, తన కొడుకు పెళ్లికి నీళ్లు కాగబెట్టడానికి కట్టెలు చాలక, తన తండ్రి కూర్చుని నేసిన గుంట మగ్గాన్ని పొయ్యిలో పెడతాడు. ఏళ్ల తరబడి గంజి తాగిన కర్ర అది. చూపు లేని తండ్రి ఆ పొగ వాసన చూసి, "ఏం కట్టెరా అది?" అని అడుగుతాడు. అదీ కథ. కనకవ్వ రాసినప్పుడు ఆ ఆసామికి పేరు లేదు. అచ్చులో మాత్రం ఉంది, లక్ష్మీరాజం అని.

సిరిసిల్లలో లక్ష్మీరాజం అంటే ఎవరో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కరెంటుతో నడిచే మగ్గాలు, అవే ఊరివాళ్లు సాంచెలనేవి, ముప్ఫై ఉన్న ఆసామి, తూర్పు దర్వాజ ఇంటాయన. కులపెద్ద. కనకవ్వా, ఆమె పెనిమిటి దేవదాసూ పనిచేసేది ఆయన షెడ్డులోనే. ఆయన తండ్రి గంగయ్యకు చూపు పోయి ఆరేళ్లు. పొద్దున పది గంటలకు గుడి మండపానికి రావాలని ఆయన మనిషి వచ్చి చెప్పి పోయాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, నేనున్న" అని కనకవ్వకు ధైర్యం చెప్పి, ఆమె రాసిన అసలు కాగితాల కోసం బాలమల్లు పెట్టె తెరిచాడు. ఇదీ జరిగింది.

కాగితాలు దొరికాయి. నూనె మరకలతో, కనకవ్వ వంకర అక్షరాలతో ఏడు పేజీలు. ఒకటికి రెండుసార్లు వెతికాడు. పేరు ఎక్కడా లేదు. బాలమల్లుకు ప్రాణం లేచొచ్చింది.

"సూసినవా ఎల్లక్కా! పేరు లేదు. గదంతా పేపరోని పనే. పట్నంల కుర్చీల కూసొని మా పీకల మీదికి తెచ్చిండు."

భార్య ఎల్లక్క చాటలో తునికాకులు పెట్టుకుని బీడీలకు కత్తిరిస్తున్నది. కత్తెర ఆపి మొగుడి మొహంలోకి చూసింది.

"గా పేరు కాడ నేను నవ్విన గదయ్యా."

"ఏ పేరు కాడ?"

"నువ్వు పైకి చదువుకుంట రాస్తుంటివి. నేను ఊఁ కొడ్తుంటి. ఆసామి వచ్చే కాడ, 'తూర్పు దర్వాజ లక్ష్మీరాజం మీసం దువ్వుకుంట వచ్చిండు' అన్నవ్. నాకు నవ్వాగలే. నేను నవ్వుతున్నానని ఇంకోసారి అన్నవ్."

బాలమల్లు ఆ ఏడు పేజీలు కింద పెట్టేశాడు.

ఇక్కడ ఈ మనిషి రాత గురించి ఒక ముక్క చెప్పాలి. బాలమల్లుకు నోరు మూసుకుని రాయడం రాదు. ముప్ఫై ఏళ్లు పటం ముందు నిలబడి కథ చెప్పిన వాడు, ఎవరో ఒకరు ఊఁ కొట్టకపోతే ఒక్క వాక్యం కదలదు. తండ్రి అతనికి నేర్పిన కిటుకు ఒకటుంది. కథలో తిండిపోతో పొగరుబోతో రాగానే, ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దమనిషి పేరు వాడికి తగిలించాలి. పేరు పడ్డవాడు ఊఁ అనాలి. అంటే జనం నవ్వుతారు, అనకపోతే ఇంకా నవ్వుతారు. కథ అయిపోయేసరికి ఆ పేరు ఎవరికీ గుర్తుండదు. పేరు పడ్డవాడే వచ్చి భుజం తట్టి మెచ్చుకుంటాడు. ఆ అలవాటే నోట్లోంచి చేతిలోకి దిగింది. నోటితో అన్న పేరు పొద్దున్నకు మిగలదు గాని, అచ్చులో పడ్డ పేరు మిగులుతుంది. రెండు నవలలు రాసిన వాడికి ఆ మాత్రం తెలియొద్దా?

"మరి గప్పుడే ఎందుకు చెప్పలేవే?"

"నాకేమెరుక, గా పేరు కూడ రాస్తున్నవని? నోటితోని అన్నవనుకున్న. నాకు సదువొస్తదా?" ఎల్లక్క మళ్లీ కత్తెర తీసుకుంది. కాసేపటికి గొంతు తగ్గించి అన్నది: "ఇప్పుడిది నీకూ నాకే ఎరుక. పేపరాయన పట్నంల ఉన్నడు. ఆయన పేరు చెప్తే ఆయనకేం పోతది? నీ మీదికి తెచ్చుకోకు."

బాలమల్లు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని బయటపడ్డాడు.

సందు చివర అన్న సిద్దిరాములు నిలబడి ఉన్నాడు. భుజాన గుడ్డలో చుట్టిన పటం. తమ్ముడు నవలల వెంట పోయాక ఆ పటాన్ని ఒంటి చేత్తో మోస్తున్న మనిషి.

"పటమెందుకన్నా?"

"తెమ్మన్నరు. నీతోని పటం మీద చెయ్యి పెట్టిచ్చి, గా కథ అబద్ధమని చెప్పిస్తరట. చెప్పకుంటే గీ ఊళ్లె మన పటం ఇప్పనియ్యరట. గీ ఊరొక్కటే అనుకుంటున్నవా? వేములవాడ దాకా తాతల నాటి నుంచి మనకున్న పదకొండూళ్లకు మాట పోతది."

"అన్నా..."

"నన్ను అన్నా అనకు. నీకు రాసుడొచ్చు. నాకు ఒక్కటే కథ వస్తది, గీ పటం మీదిది. గది పోతే నేనేం జెయ్యాలె? నీ పుస్తకాలు మోయాల్నా?"

అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు గుడి వైపు నడిచారు. దారిలో ఏదో వెలితిగా అనిపించి బాలమల్లు ఆగి విన్నాడు. షెడ్లన్నీ ఆపేశారు. పట్టపగలు సాంచెల చప్పుడు లేని సిరిసిల్లను అతను ఈ మధ్య ఎన్నడూ చూడలేదు.

మార్కండేయ గుడి మండపంలో యాభైమందికి పైగా మగవాళ్లు కూర్చున్నారు. వారపత్రిక చేతులు మారుతున్నది. చదవడం వచ్చిన వాడు చదివి, రాని వాడికి వేలుపెట్టి ఆ పేరు చూపిస్తున్నాడు. అన్నేళ్లుగా కథలు పంపుతూ బాలమల్లు కోరుకున్నది ఇదే, ఊరంతా చదవాలని. ఇట్లా చదువుతారని అనుకోలేదు.

కనకవ్వ స్తంభం పక్కన నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్లది, ఏడో తరగతి దాకా చదివింది. పెనిమిటి దేవదాసు ఆమెకు నాలుగడుగుల దూరంలో, ఆమెతో తనకు సంబంధం లేనట్టు నేల చూస్తూ నిలబడ్డాడు.

లక్ష్మీరాజం నిదానంగా లేచాడు. కోపం వచ్చినప్పుడు ఆయన గొంతు పెద్దది చేయడు, అదే భయం అందరికీ.

"నా బాపు మగ్గం యాడున్నది? గీ గుడి అటుక మీద ఉన్నది. దసరా దసరాకు పసుపు కుంకుమ పెడ్త. గిది మీకందరికీ ఎరుకనా కాదా?"

"ఎరుకనే" అన్నారు నలుగురైదుగురు. అటుక ఎక్కి చూసిన వాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు.

"గట్లాంటిది, నా షెడ్డుల కండెలు చుట్టే ఆడిది, నా తిండి తిని, నేను నా బాపు మగ్గం కాలవెట్టిన్నని రాస్తది. దాని చేతికి కలమిచ్చిందెవ్వడు?" బాలమల్లు వైపు తిరిగాడు. "నువ్వు. మా కులం కథ చెప్పి బతికినోనివి. నీ తాతకు మా తాతలు మర్యాద జేసిండ్రు. నువ్వేమో మా ఇండ్ల ఆడోళ్లతోని మా మీదనే రాయిస్తున్నవ్."

"సేటూ, జర నా మాటిను..."

"ఇంట. ముందు నా మాట అయిపోనియ్యి. గీమె అందరి ముందట చెంపలేసుకోవాలె, ఇగ కలం ముట్టనని చెప్పాలె. లేకుంటే మొగడు పెండ్లాం ఇద్దరూ నా షెడ్డుకు రావద్దు, కులంల కలవద్దు. నువ్వు పటం మీద చెయ్యి పెట్టి, గది అబద్ధపు కథ అని చెప్పాలె."

జేబులో కాగితాలు బాలమల్లు గుండెకు తగులుతున్నాయి. తీశాడు.

"పిల్ల రాసిన అసలు కాయితం గిది. సూసుకోండ్రి, పేరు లేదు. గా పేరు... పట్నంల పేపరోళ్లు పెట్టిండ్రు."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అతనికే ఆశ్చర్యం వేసింది. కాగితాలు ముందు వరుసలోకి పోయాయి. గుసగుసలు లేచాయి. పొద్దున్నుంచి తల ఎత్తని కనకవ్వ అప్పుడు తల ఎత్తి పెనిమిటి వైపు చూసింది.

"నేను చెప్పిన గదయ్యా! కాకా చేతికి పోయిన కాయితానికి ఏం గాదని చెప్పిన గదా!"

ఆ మాట వినలేక బాలమల్లు చూపు తిప్పుకున్నాడు. తిడితే ఓర్చుకునేవాడు, నమ్మితే ఓర్చుకోలేకపోయాడు.

లక్ష్మీరాజం కాగితాలు చూసి పక్కన పెట్టాడు. "మంచిది. పేపరోళ్లదే తప్పయితే ఇప్పుడే వాళ్లకు ఉత్తరం రాయి. గీ దిక్కు నుంచి నేను పంపిన కథలు ఇగ వెయ్యకుండ్రి అని. గీమెయి ఒక్కటే కాదు, ఎవ్వలయీ వద్దు. నీ గుండ్రటి రాతతోనే రాయి. నేను పోస్టు డబ్బల వేస్త."

ఎవరో కాగితం, కలం తెచ్చి బాలమల్లు ముందు పెట్టారు. దాన్ని చూస్తుంటే అతనికి భూమన్న గుర్తొచ్చాడు. బాయి నుంచి ఎక్కి, కడిగినా పోని నల్లటి వేళ్లతో భూమన్న రాసిన కథ పోయిన నెలే పంపాడు. ప్రతి పేజీ మూల బొగ్గు వేలిముద్ర. ఈ ఉత్తరం పోతే ఆ కథను అక్కడెవరూ విప్పి కూడా చూడరు. తను దాచుకున్న ఒక్క తప్పుకు ఇంతమంది నోళ్లు మూతపడతాయి. బాలమల్లుకు తన మీద తనకు అసహ్యం పుట్టింది.

"అన్నా, పటం ఇప్పు" అన్నాడు.

సిద్దిరాములు మొహం విచ్చుకుంది. తమ్ముడికి బుద్ధి వచ్చిందనుకున్నాడు. గబగబా గుడ్డ తీసి, స్తంభానికి కట్టి పటం దించాడు. ఎర్రటి రంగు మీద, కులం మూలపురుషుడు ఎక్కిన పులి బొమ్మ బయటపడేదాకా దించాడు. బాలమల్లు ఆ పులి మీద అరచెయ్యి ఆనించాడు.

"నేను ఇప్పుడు చెప్పింది అబద్ధం. పేపరోళ్లు పెట్టలే. గా పేరు పెట్టింది నేను. కనకవ్వకు తెల్వది. తిరగరాసేటప్పుడు పటం ముందట చెప్పినట్టే చెప్పుకుంట రాసిన. నోటికొచ్చిన పేరు చేతికొచ్చింది. తప్పు నాది. ఏం జేస్తరో నన్ను జెయ్యండ్రి."

మండపంలో గోల లేచింది. "పటం ముందట ఎకసెక్కాలా!" అని ఒకడు, "ఊళ్లె నుంచి ఎల్లగొట్టుండ్రి వీన్ని" అని ఇంకొకడు. సిద్దిరాములు పులి మీది నుంచి తమ్ముడి చెయ్యి తీసి పక్కకు నెట్టాడు. పటం కిందినుంచి పైకి చుట్టడం మొదలుపెట్టాడు.

ఈ గోలలో కనకవ్వ స్తంభం వదిలి ముందుకు వచ్చింది. తనను కాపాడినందుకు దండం పెడుతుందని ఎవరైనా అనుకుని ఉంటే, వాళ్లకు కనకవ్వ తెలియదు.

"ఎందుకు పెట్టినవ్ కాకా?"

"అలవాటు బిడ్డా. కావాలని..."

"అలవాటా? నా కథల నీ అలవాటేంది? నేను ఆసామికి పేరెందుకు పెట్టలేనో ఒక్కనాడన్న అడిగినవా? ఏడు కాయితాలు రాసిన. మూన్నెల్లు పట్టింది. ఒక్క పేరు రాయడం మరిచిపోయిన్ననుకున్నవా?"

కనకవ్వ అతని ముందుకు ఇంకో అడుగు వేసింది.

"నా తమ్ముని లగ్గం మా అవ్వగారింట్ల. వాన పట్టింది, కట్టెలు తడిసినయి. మా బాపు మగ్గం మూలకు పడి ఉన్నది. గుంటల నుంచి బట్ట చుట్టే దోనె కర్ర పీకి, పొయిల పెట్టింది నేను. నా చేతులతోని. మా బాపు అరుగు మీది నుంచి 'గంజి వాసనొస్తుంది, ఏందే?' అని అడిగిండు. అన్నం పొంగిందని చెప్పిన. నెల దినాలకు సచ్చిపోయిండు. నా తప్పు నా పేరు మీద రాసుకునే ధైర్యం లేక మొగోన్ని జేసిన, ఆసామిని జేసిన. పేరు లేకుంట ఉంచిన. చదివేటోళ్లు ఎవ్వలకు వాళ్లు తాకించుకుంటరని ఉంచిన. నువ్వు దాన్ని తీస్కపోయి ఇంకొకని మెడల కట్టి నవ్వులాట జేసినవ్. నువ్వు నాకు రాసుడు నేర్పలే కాకా. నా కథ గుంజుకున్నవ్."

గోల అంతా అణిగిపోయింది. యాభైమందిలో సగానికి పైగా తలలు వంచుకున్నారు. సాంచెలొచ్చిన ఆ నాలుగైదేళ్లలో ఊళ్లో ఎన్ని గుంట మగ్గాలు పనిలేక మూలపడ్డాయో, ఎన్ని పొయ్యిల పాలయ్యాయో ఎవరూ చెప్పుకోలేదు. ఎవరి ఇంటి సంగతి వాళ్లకు తెలుసు. అప్పటిదాకా ఆ కథ మీద వాళ్లకంత కోపం ఎందుకొచ్చిందో బాలమల్లుకు ఇప్పుడు అర్థమయింది.

లక్ష్మీరాజం ఒక్కడే నవ్వాడు.

"ఇన్నరా? కాలవెట్టినామె దాని నోటితోనే ఒప్పుకున్నది. నా ఇంటి ముచ్చట కాదని తేలిపాయె. ఇగ ఉత్తరం రాయి బాలమల్లూ..."

"ఏం తేలింది రాజం?"

గుడి ద్వారం దగ్గర గంగయ్య నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో కట్టె, ఇంకో చేత్తో గోడ. ఇంట్లోంచి కదలనివ్వొద్దని కొడుకు కట్టడి చేసి వచ్చాడు గాని, కోడళ్ల కళ్లుగప్పి ఎప్పుడు వచ్చాడో, ఎంతసేపటి నుంచి వింటున్నాడో ఎవరూ చూడలేదు.

లక్ష్మీరాజం నవ్వు ఆగిపోయింది. "బాపూ, నువ్వెందుకొచ్చినవ్? పా, ఇంటికి పోదాం."

"సాంచెలు ఆగినయి. పట్టపగలు ఎందుకాగినయో కనుక్కుందామని వచ్చిన." గంగయ్య గోడ వదిలి, కట్టె తాటించుకుంటూ మండపం మధ్యకు వచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లు దారి ఇచ్చారు. "గా పిల్ల యాడున్నది? గంజి వాసన అన్న పిల్ల?"

"ఈడనే ఉన్న తాతా."

"నీ కథ నాకెవ్వలు సదివి ఇనిపియ్యలే బిడ్డా. ఇంట్ల అడిగితే పేపరు రాలే అన్నరు. ఇప్పుడు సదువు."

"వద్దు" అన్నాడు లక్ష్మీరాజం. ఈసారి ఆయన గొంతు పెద్దదైంది.

ముసలాయన ఆ మాట విననట్టే బాలమల్లు ఉన్న దిక్కుకు మొహం తిప్పాడు. "బాలమల్లూ, మీ నాయిన పటం కట్టినప్పుడు నా పేరు మస్తుసార్లు పెట్టిండు. ఒకనాడు తిండిపోతును జేసిండు, ఒకనాడు పిరికోన్ని జేసిండు. పెట్టిన కాడల్ల ఊఁ అన్న. పేరు పడ్డోడు ఊఁ అనాలె గదా?"

"అనాలె పెద్దయ్యా" అన్నాడు బాలమల్లు.

"నా మనుమని లగ్గం నాడు నీళ్లు కాగుతుంటే నాకు గంజి వాసనొచ్చింది. లగ్గం ఇల్లాయె, అడుగుడెందుకని ఊకున్న. నా ముక్కు ముసలిదయిందనుకున్న." గంగయ్య కట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు. "సదువు బిడ్డా. అచ్చుల ఉన్నది ఉన్నట్టే సదువు. పేరు తియ్యకు."

కనకవ్వ బాలమల్లు వైపు చూడకుండానే వారపత్రిక అందుకుంది. మొదలుపెట్టింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ గాని గట్టిగానే చదివింది. వాక్యం ముగిసినప్పుడల్లా గంగయ్యే ఊఁ కొట్టాడు. లగ్గపు ఇంటి పందిరి అన్నది, ఊఁ. చాలని కట్టెలు అన్నది, ఊఁ. మూలన పడ్డ మగ్గం అన్నది. అక్కడ ముసలాయన ఊఁ ఆలస్యంగా వచ్చింది.

"'తూర్పు దర్వాజ లక్ష్మీరాజం మీసం దువ్వుకుంట వచ్చిండు'" అని చదివి, కనకవ్వ ఆపింది.

గంగయ్య ఊఁ అనలేదు. చూపు లేని మొహం కొడుకు ఉన్న దిక్కుకు ఎత్తి, వినడానికి సిద్ధంగా నిలబడ్డాడు. లక్ష్మీరాజం ఒకసారి అటుక వైపు, ఒకసారి తండ్రి వైపు చూసి, నోరు తెరిచాడు.